పక్క సీట్లో యోబు

"బ్రేకు చేసుడంటే పెద్ద బ్రహ్మవిద్యేం గాదు," అన్నాడు యోబు, చాయ్ గ్లాసు బెంచీ మీద పెడుతూ. "ముంగటి చక్రాలకు కొత్త ప్యాడ్లు ఏసిన. డిస్కులు గీకి సాపు చేసిన. ఎన్క డ్రమ్ములు ఇప్పి, దుమ్ము దులిపి, సందు సరిచేసి బిగిచ్చిన. గంతే. ఎవడైనా చేస్తడు."

యోబు నోట ‘ఎవడైనా చేస్తడు’ అన్న మాట వచ్చిందంటే, ఎవడూ చేయలేని పని ఒకటి దాని వెనకాలే బయల్దేరిందని సుసన్నా చాయ్ బండి దగ్గర కూర్చునేవాళ్లకు అనుభవం. శనివారం సాయంత్రం నాలుగున్నర. ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోయి, స్నానాలు చేసి, మళ్లీ గోదావరిఖని చౌరస్తా మీదికి వచ్చే వేళ. బండి పక్కన రెండు బెంచీలున్నాయి. రోడ్డు వైపు బెంచీకి ఎడమ కొస యోబుది. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే సుసన్నాయే లేపుతుంది.

యోబుకు అరవై ఆరేళ్లు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు డంపర్ల బ్రేకులు చేసిన ఫిట్టర్. డంపర్ అంటే రెండంతస్తుల ఇంటంత లారీ. వంద టన్నుల మట్టి మోసుకుని గని వాలు ఎక్కుతుంది, ఖాళీ అయ్యాక అదే వాలు దిగుతుంది. అలాంటి బండి తన చేతి కింద ఆగిందన్న గర్వం, రిటైరై ఆరేళ్లయినా యోబు భుజాల మీంచి దిగలేదు.

ఎదురు బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకరు సదయ్య, డంపర్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. చాయ్‌ను సాసర్‌లో పోసుకుని తాగడానికి తప్ప నోటిని పెద్దగా వాడడు. రెండోవాడు నాని, భీమవరం నుంచి వచ్చి ఆర్నెల్ల కిందట గనిలో చేరిన కుర్ర ఇంజనీరు. యోబుకు కొత్త చెవులు దొరికి ఆర్నెల్లయిందన్నమాట.

"ఎడ్వర్డ్ గారి కారేనా బాబాయ్ గారూ? ఆ ఎర్రది?" అడిగాడు నాని.

"ఇంకేది? ఈ ఊర్లె చెప్పుకోతగ్గ కారు ఇంకోటి ఉన్నదా?"

ఉందో లేదో గానీ, ఆ కారును చౌరస్తాలో గుర్తుపట్టనివాళ్లు లేరు. ఇరవై ఏళ్ల నాటిది, పదహారు వందల సీసీ ఇంజను. ఒకప్పుడు స్పీడు పిచ్చి ఉన్నవాళ్లు వెతుక్కుని మరీ కొన్న మోడల్. తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. దాన్ని హైదరాబాద్‌లో పాతదిగా కొని తెచ్చినవాడు ఎడ్వర్డ్. డంపర్ ఆపరేటర్. రోజుకు ఎనిమిది గంటలు ముప్పై దాటని బండి నడిపేవాడికి, డ్యూటీ దిగాక అరగంటైనా గాలి చెవుల్లో మోగాలని ఉండదా అనేవాడు. నాలుగేళ్ల కిందట అతను పోయాడు. కారు కూతురు సుజితకు మిగిలింది. ఆమె యైటింక్లైన్ కాలనీలో టీచరు. ఇంజను ఇప్పటికీ ఉరుకుతుంది. బ్రేకే బలహీనపడింది. పెడల్ అడుగంటా తొక్కినా, కారు తనకు ఇష్టమైనచోట ఆగేది.

సోమవారం పెద్దపల్లిలో ఆ కారుకు ఫిట్‌నెస్ పరీక్ష. బ్రేకు పట్టకపోతే కాగితం రాదు. కాగితం రాకపోతే తుక్కుకు వేసేద్దామని సుజిత భర్త ఒకడితో మాట్లాడి ఉంచాడు. తండ్రి చేతి చెమటకు నల్లబడిన ఆ స్టీరింగును తుక్కులో వేయడం సుజితకు ఇష్టం లేదు. కార్ల మెకానిక్కు వీరేందర్ దగ్గరికి తీసుకుపోతానంటే యోబు అడ్డుపడ్డాడు. "మీ నాయిన డంపర్‌ను ఆపిన చెయ్యి బిడ్డా ఇది. నీ కారెంత?" అన్నాడు. "డంపర్ వేరు, కారు వేరు కాకా," అని వీరేందర్ ఈ బండి దగ్గరే అన్నాడు. అందరూ విన్నారు. అందరూ వింటుండగానే యోబు మాట విసిరాడు. "ఆ కారు ఫిట్‌నెస్ పాస్ గాకుంటే ఇగ నేను ఈ బెంచి మీద కూసోను. పో."

పది రోజుల కిందటి మాట అది. గురువారం సాయంత్రానికి పని పూర్తయింది.

"చేసినవు సరే," అంది సుసన్నా, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "ట్రయల్ ఏసినవా యోబన్నా?"

యోబు గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అందులో చాయ్ లేదు.

"ట్రయల్ సంగతి నన్నడుగుతున్నవా చెల్లె? ఓ ఇంజనీర్ సాబ్, నువ్వు కొత్తోడివి, నీకు చెప్తా ఇను. మా షెడ్డుల ఒక ఆనవాయితీ ఉండె. ఏ పుస్తకంల రాసింది గాదు, ఏ ఆఫీసర్ పెట్టింది గాదు. డంపర్ బ్రేకు ఇప్పి బిగిచ్చిన ఫిట్టర్ ఎవడైతే ఉన్నడో, వాడే మొదటి ట్రయల్‌కు ఆపరేటర్ పక్కన కూసోవాలె. వాలు మీదికెల్లి దిగాలె. నీ చేతి పని మీద నీకు నమ్మకముంటే నీ పానం గూడ పెట్టు. సదన్నను అడుగు, ముప్పై ఒక్క ఏండ్లల నేను పక్కన కూసోకుంట ఒక్క బండినన్న ఇడిసిపెట్టిన్నా?"

సదయ్య సాసర్ మీంచి తలెత్తి, లేదన్నట్టు ఊపాడు.

ఇక్కడిదాకా ప్రతి మాటా నిజం. గురువారం సాయంత్రం సుజిత కారు తాళం ఊపుతూ, "రా కాకా, గోదావరి దాంక పోయొద్దాం," అంది. యోబు చేతులకు సర్ఫు రాసుకుంటున్నాడు. "నేను చేసిన బ్రేకుకు ట్రయలేంది బిడ్డా. పో, బేఫికర్‌గ నడుపుకో," అన్నాడు. ఆ సంగతి వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

"కూసున్న," అన్నాడు యోబు ఇప్పుడు. ఆ మాట అంత సులువుగా వచ్చినందుకు అతనికే కాస్త ఆశ్చర్యం వేసింది. "ఎందుకు కూసోను? గురువారం, గిదే టైముకు. బిడ్డ స్టీరింగు మీద, నేను పక్క సీట్ల. గంగానగర్ దాటినమో లేదో, ఎనభై. అది కారా, లేడా అన్నట్టు ఉరుకుతున్నది. గప్పుడే రోడ్డుకు అడ్డంగ ఒక బర్రె. మామూలు బర్రె గాదు, చూడికట్టిన బర్రె, జల్ది నడువలేదు పాపం. ‘తొక్కు బిడ్డా’ అన్న. తొక్కింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఆగింది," అంది సుసన్నా.

"ఆగింది అంటే సరిపోతదా? ఎక్కడ ఆగిందో చెప్పాలె గద! బర్రె తోకకూ బంపర్‌కూ నడుమ ఒక్క జానెడు. ఆ బర్రె ఎన్కకు తిరిగి చూసి, తోకతోటి బానెట్ మీది దుమ్ము రెండుసార్లు తుడిచి పోయింది."

"ఎనభై మీంచి జానెడు దూరంలోనా?" నాని ముందుకు వంగాడు. "అసలు ఆ ఊపుకి మీరిద్దరూ అద్దంలోంచి బయటికి రావాలి కదండీ?"

"వస్తం, మామూలు బ్రేకైతే వస్తం. నా బ్రేకు కారును ఒక్కదాన్నే ఆపదు, కార్ల ఉన్నోళ్లను గూడ ఆపుతది. నువ్వు సదువుకున్న బ్రేకు చక్రం కాడ ఆగిపోతది. నాది మనిషి దాంక వస్తది."

నాని చూపుడువేలితో గాలిలో ఒక చక్రం గీసి, దాని పక్కన ఒక మనిషిని గీయబోయాడు.

"అసలు కిటుకు చెప్పనా?" యోబు గొంతు తగ్గించాడు. రోడ్డు మీద పోతున్న ఆటోవాడికి కూడా వినపడేటంత. "నూనె. బ్రేకు నూనె. కార్ల దుకాండ్లల్ల అమ్మే నీళ్లు గాదు. నేను రిటైరైన దినం షెడ్డోళ్లు నాకు శాలువా కప్పిన్రు, గడియారం ఇచ్చిన్రు, దాంతోటి ఒక సీసాల డంపర్ బ్రేకు నూనె పోసి ఇచ్చిన్రు, గుర్తుకు. ఆరేండ్లు బీరువాల పెట్టిన. ఎవ్వనికి ముట్టనియ్యలే. అది తీసి ఎడ్వర్డ్ కారుకు పోసిన."

సదయ్య సాసర్ పెదాల దాకా వచ్చి అక్కడే నిలిచింది.

"ఆ నూనె వేరు, ఈ నూనె వేరు కదండీ బాబాయ్ గారూ?" అన్నాడు నాని.

"ఏం వేరు? వంద టన్నులను ఆపే నూనె ఒక్క టన్నును ఆపదా? సదువుకున్నోడివి, లెక్క చెయ్యి."

నాని నిజంగానే కాసేపు లెక్క చేసుకున్నాడు. లెక్కలో తప్పు దొరకలేదు. ఎక్కడో తప్పుందని మాత్రం అనిపించింది.

చౌరస్తా అవతల బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి బ్రేకులు కొట్టి ఆగాయి. యోబు వాటి వైపు జాలిగా చూసి మళ్లీ అందుకున్నాడు.

"బర్రె పోయింది. బ్రిడ్జి ఎక్కినం. కింద గోదావరి, పైన మేము. నూట ఇరవై. ‘ఇప్పుడు చూస్తా దీని సంగతి’ అనుకున్న. ‘తొక్కు’ అన్న. తొక్కింది. కారు ఆగింది గని, నీడ ఆగలే."

"ఏం ఆగలే?" అంది సుసన్నా.

"కారు నీడ. దానికి బ్రేకు లేదాయె! అది గట్లనే ఇరవై గజాలు ముంగటికి ఉరికింది. ఆడ నిలవడి ఎన్కకు చూసింది. కారు రాలే. ఇటు చూసింది, అటు చూసింది, సిగ్గుపడ్డది. మెల్లగ ఎన్కకు నడుసుకుంట వచ్చి కారు కింద పండుకున్నది."

నాని నవ్వు ఆపుకోవడానికి చాయ్ తాగాడు. అది పొలమారింది. సుసన్నా అతని వీపు మీద రెండు చరిచింది.

"నవ్వుతున్నవా? నవ్వు. నేను చెప్పినప్పుడు మా షెడ్డుల గూడ నవ్విన్రు. మనం ఆగినమా, మన ఎన్క వచ్చే బస్సులు, లారీలు, మోటారు సైకిళ్లు, అన్నీ ఆగినయ్. వాటికి మేం బ్రేకు ఏయలే. చూసి, భయపడి, వాటంతట అవే ఆగినయ్. గవన్నీ ఇడిసిపెట్టు, అవుతల రైలు వంతెన మీద బొగ్గు రైలు పోతున్నది, యాభై తొమ్మిది డబ్బాలు. అది ఆగింది. గార్డు దిగిండు, జెండా చేతుల పట్టుకోని వంతెన మీదికెల్లి ఒర్రుతున్నడు, ‘ఎవడ్రా బ్రేకు తొక్కింది?’ అని. నేను కిటికీలకెల్లి చెయ్యి బయట పెట్టి ఊపిన. గుర్తుపట్టిండు. ‘యోబు సారా! మరి చెప్పద్దా!’ అని నమస్తే పెట్టి ఎక్కిండు."

"యాభై తొమ్మిది లెక్కబెట్టినవా?" అంది సుసన్నా.

"ఆగినంక లెక్కపెట్టుడు ఎంతసేపు?"

యోబు ఇప్పుడు బెంచీ మీద ముందుకు జరిగి, కుడి పాదం నేల మీద తొక్కిపట్టి కూర్చున్నాడు. అతనికి తెలియకుండానే ఆ కాలు పెడల్ మీదికి పోయింది. కథ చెప్తున్నంతసేపూ పక్క సీటు కళ్లముందు ఉంది. తను అందులో ఉన్నాడు. స్టీరింగు మీద సుజిత చేతులు, ఎడ్వర్డ్ చేతుల్లాగే, గడియారంలో పదీ రెండు అంకెలుండే చోట ఉన్నాయి. గురువారం సాయంత్రం వెళ్లి ఉంటే ఇలాగే ఉండేది. ఇలాగే ఎందుకు ఉండదు?

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? రామగిరి దిక్కు మలిపినం. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ టైము. సైరన్ మోగింది, మందు పేలింది, బండరాయి ఒకటి లేశింది. మన సుసన్న బండంత రాయి. సక్కగ మా కారు మీదికే వస్తున్నది. బిడ్డ కండ్లు మూసుకున్నది. ‘కండ్లు మూసుకో బిడ్డా, పర్వాలేదు, కాలు మాత్రం తొక్కు’ అన్న. తొక్కింది."

"కారుకు తొక్కితే రాయి ఎందుకాగుతదే?" అంది సుసన్నా.

"అది రాయిని అడగాలె, నన్నెందుకు అడుగుతవ్? ఆగింది. గాలిల. గా కరెంటు స్తంభమంత ఎత్తున."

"మరి దిగిందా, ఇంకా అక్కడే ఉందాండీ?" అన్నాడు నాని.

"గట్లెట్ల ఇడిసిపెట్టి వస్తం? కింద మనుషులు తిరిగే జాగ. ‘పెడల్ మీదికెల్లి కాలు పైలంగ తియ్యి, దబ్బున తియ్యకు’ అన్న. ఇంత తీసింది, రాయి ఇంత దిగింది. మల్ల ఇంత తీసింది, మల్ల ఇంత దిగింది. కోడి గుడ్ల మీద కూసున్నట్టు రోడ్డు పక్కన మెత్తగ కూసున్నది. ఇప్పటికీ ఉన్నది. నమ్మకముంటే పోయి చూడుండ్రి, నమ్మకం లేకుంటే తప్పకుంట పోయి చూడుండ్రి!"

అప్పుడు కనిపించింది యోబుకు, చౌరస్తా మలుపు తిరిగి వస్తున్న సుజిత. స్కూటీ మీద వస్తోంది.

కారులో కాదు.

ఆమె బండి ఆపి, స్టాండు వేసి, సుసన్నా వెనకగా వచ్చి నిలబడింది. చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం. యోబు ఆమెను చూడనట్టే మొహం తిప్పుకున్నాడు. శుక్రవారం అంతా ఆ కారు చౌరస్తా దాటలేదని, ఈ పొద్దంతా కూడా దాటలేదని, తను లెక్క పెట్టుకుంటూనే ఉన్నాడని అప్పుడే అతనికి తెలిసింది. గొంతు ఇంకో మెట్టు పెంచాడు.

"అగో, నా సాక్షి వచ్చింది! కూసో బిడ్డా, అసలుది ఇప్పుడే చెప్తున్న. పొద్దు గూకుతున్నది. పవర్ హౌస్ చిమ్నీ మీదికి దిగుతున్నడు సూర్యుడు. నూట అరవై. కారు మీద నాకు కోపం లేదు, రోడ్డు మీద కోపం లేదు, నా కోపమంతా డంపర్ వేరు కారు వేరు అన్నోడి మీద. ‘తొక్కు బిడ్డా, ఎంత బలముంటే అంత తొక్కు’ అన్న. కారు ఆగింది. కారు కింద రోడ్డు ఆగింది. రోడ్డు కింద భూమి ఆగింది! భూమి ఆగితే పొద్దు ఎటు పోతది? చిమ్నీ కొసకు తట్టుకోని తెగిన పతంగి లెక్క ఏలాడుతున్నది. గడియారాల ముల్లు కదలదు. సెకండ్ షిఫ్టోళ్లు ఎంత పని చేసినా షిఫ్టు అయిపోదు!"

"గురువారం ఒకరి బదులు నేను చేసింది సెకండ్ షిఫ్టేనండీ," అన్నాడు నాని. "మామూలుగానే పదకొండింటికి దిగాం కదా?"

"దిగినవ్. అలిసిపోయినవా, లేదా?"

"అలిసిపోయానండీ."

"రోజు కంటే ఎక్కువనా, తక్కువనా?"

నాని నిజాయితీగా ఆలోచించాడు. "కొంచెం ఎక్కువేనండీ."

"అగో!" యోబు రెండు చేతులూ గాలిలోకి లేపాడు. "ఇంకేం కావాలె? కావాల్నంటే సుజితను అడుగుండ్రి. అబద్ధమైతే బిడ్డ ముంగటనే చెప్తనా?"

అందరూ సుజిత వైపు తిరిగారు. ఆమె వేళ్లకు నల్లటి నూనె మరకలున్నాయి. సుసన్నా గ్లాసులో చాయ్ పోసి ఆమె చేతికిస్తూ, "ఏం బిడ్డా, నిజంగనే సూర్యుడు ఆగిండా?" అంది.

"సూర్యుని సంగతి నాకు తెల్వదక్కా," అంది సుజిత. "కారైతే ఆగింది. నిన్న పొద్దటి సంది ఆగే ఉన్నది."

యోబు చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"ఆ తర్వాత ఏమైందో నేను చెప్తా కాకా," అందామె. గొంతులో కోపం లేదు. అదే యోబుకు ఇబ్బందిగా ఉంది. "గురువారం మంచిగనే నడిచింది. శుక్రవారం బడికి పోదామని తీసిన. గల్లీ మలుపు దాటలే, కాలిన వాసన. పెడల్ రాయి లెక్క అయింది. నేను బ్రేకు తొక్కలే, అదే పట్టుకున్నది. నాలుగు చక్రాలు పట్టేసినయ్. ముగ్గురు నూకినా జరగలే. ఇయ్యాల వీరేందరన్న వచ్చి నూనె పైపు లూజు చేస్తేనే చక్రం తిరిగింది."

పొట్లం విప్పి బెంచీ మీద పెట్టింది. అందులో కారుకు ఉండే బ్రేకు నూనె డబ్బా మూత, ఆ మూత లోపల ఇమిడి ఉండాల్సిన గుండ్రటి రబ్బరు. రబ్బరు పూరీలా ఉబ్బి ఉంది.

"డంపర్ నూనెకు డంపర్ రబ్బర్లు వేరే ఉంటయట. కారు రబ్బర్లు ఆ నూనె తాగితే ఉబ్బుతయట. లోపల గూడ అన్నీ గిట్లనే అయినయన్నడు."

యోబు రబ్బరు తీసుకుని మూతలో పెట్టబోయాడు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. బొటనవేళ్లు రెండూ పెట్టి నొక్కాడు. ఎంతోమంది చూశారు ఆ బొటనవేళ్లను, ముప్పై ఒక్క ఏళ్లు. ఏ రబ్బరూ వాటి మాట వినకుండా ఉండలేదు. ఇది వినలేదు.

"గల్లీల పట్టేసింది కాబట్టి సరిపోయింది," అంది సుసన్నా మెల్లగా. "అదే బ్రిడ్జి మీద, ఎన్క లారీ ఉన్నప్పుడు పట్టేస్తే?"

యోబు రబ్బరును బెంచీ మీద పెట్టి తల ఎగరేశాడు.

"అయితే ఏంది? ఆపిందా, లేదా? ముగ్గురు నూకినా జరగలే అంటున్నది, ఇనవడ్డదా అందరికి? ఒక్కటన్న చక్రం తిరిగిందా? బ్రేకంటే గది! నేను చెప్తే నవ్విన్రు!"

సదయ్య సాసర్‌ను గ్లాసు కింద పెట్టాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. అతను మాట్లాడబోతున్నాడని సుసన్నాకు అర్థమై, స్టవ్ మంట తగ్గించింది.

"యోబూ," అన్నాడు. "బర్రెను ఇడిసిపెట్టు. రాయిని, పొద్దును ఇడిసిపెట్టు. ఒక్కటి చెప్పు. నేను ఇరవై ఎనిమిదేండ్లు ఆ వాలు దిగిన. ఎడ్వర్డ్ నాకంటే ఎక్కువ దిగిండు. బ్రేకు చేసినోడు పక్కన కూసున్నడా లేదా, గదొక్కటే చూస్తుంటిమి. నువ్వు కూసున్న బండి మీద ఇద్దరం ఎన్నడు అనుమానపడలే. గురువారం నాడు ఎడ్వర్డ్ బిడ్డ పక్కన నువ్వు కూసున్నవా?"

సుజిత చాయ్ గ్లాసులోకి చూస్తూ, "పోనియ్యి సదన్న కాకా, అయిపోయిందేదో—" అంది.

ఆమె చెప్పదు. యోబుకు తెలిసిపోయింది. తను ‘కూసున్న’ అంటే ఆమె కాదనదు. గ్లాసులోకి అలాగే చూస్తూ నిలబడుతుంది. ఒక్క మాట. ఇంతసేపూ బర్రె తోక, రైలు గార్డు, గాలిలో రాయి, అన్నీ ఎంత అలవోకగా వచ్చాయి! ఈ ఒక్క మాట వాటి ముందు ఎంత? యోబు నోరు తెరిచాడు. ఎదురుగా సదయ్య చూస్తున్నాడు, షెడ్డు బయట ఇంజను ఆన్ చేసి, పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కమని చూసినట్టు.

"కూసోలే," అన్నాడు యోబు.

నాని గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"రమ్మన్నది. నేనే పోలే. నా పనికి ట్రయలేంది అన్న." మళ్లీ అన్నాడు. "కూసోలే సదన్నా."

సదయ్య తల ఊపాడు. గ్లాసులో మిగిలిన చాయ్‌ను సాసర్‌లోకి వంచాడు.

యోబు లేచాడు. మోకాళ్లు పట్టుకుని, రెండు దఫాలుగా. వీళ్లు తన వైపు జాలిగా చూస్తున్నారేమోనని నలుగురి మొహాలూ చూశాడు. జాలి కనిపిస్తే ఊరుకునేవాడు కాదు.

"ఏం చూస్తున్నరు? ఫిట్‌నెస్ సోమవారం. ఇయ్యాల శనివారం. అప్పటి దాంక ఈ జాగ నాదే. ఎవడన్న కూసున్నడో, చూడు మల్ల!" సుజిత వైపు తిరిగాడు. "బిడ్డా, వీరేందర్‌కు ఫోన్ చెయ్యి. రబ్బరు కిట్టు నాలుగు చక్రాలకు, పైన సిలిండర్‌కు, మొత్తం కావాల్నను. పైపులు గూడ. ఊర్లె దొరకకుంటే కరీంనగర్ బస్సుల పొద్దుగాల్ల తెప్పియ్యుమను. కార్ల నూనె ఏది మంచిదో వాడు చెప్పిందే పోస్త. నేనే అడుగుత వాణ్ని, ఇటియ్యి ఫోన్."

"నువ్వే అడుగుతవా కాకా?"

"ఏం, నాకు నోరు లేదా?"

"ఉన్నది," అంది సుసన్నా. "గది మాకు బాగ తెలుసు."

"రేపు ఆరాధన అయినంక ట్రయల్," అన్నాడు యోబు ఆమె మాట విననట్టు. "గోదావరి దాంక. పక్క సీట్ల నేను. నువ్వు వద్దన్నా కూసుంట."

"సరే కాకా," అంది సుజిత. మొదటిసారి ఆమె మొహం తేటపడింది. "మరి ఆ బర్రెను గూడ రమ్మని చెప్దామా?"

నాని పడి పడి నవ్వాడు. సదయ్య సాసర్ వెనక భుజాలు కదిలాయి. యోబు మూత, రబ్బరు పొట్లంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. స్కూటీ దగ్గరికి నడిచాడు. ఎక్కబోయే ముందు వంగి, రెండు వేళ్లతో బ్రేకు నొక్కి చూశాడు. వదిలి, మళ్లీ నొక్కాడు. అప్పుడు సుజిత వెనక ఎక్కి కూర్చున్నాడు.

బండి కదిలింది. చౌరస్తా మలుపు దాకా వెళ్లాక, యోబు సీటు మీద సగం తిరిగి, లారీల మోత మీంచి వినపడేలా అరిచాడు.

"ఏదేమైనా సరే, పెడల్ ముట్టకుంట కారును ఆపినోడు ఈ బొగ్గు బెల్టుల ఇంకొకడు ఉంటే తీసుకరండ్రి!"